తాగుడు స్కాన్‌లో కనపడుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా ఇదీ సంగతి. మీ తమ్ముడికి 29 ఏళ్లు, ఆరేళ్లుగా తాగుడు. రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి నాలుగు నెలలు బాగానే ఉండి, చెల్లి పెళ్లి పనులన్నీ దగ్గరుండి చూసి, అంతా అయిపోయి ఇల్లు కుదుటపడ్డాక ఒక శనివారం సాయంత్రం తాగొచ్చాడు. ఇప్పుడొక సెంటర్ వాళ్లు "బ్రెయిన్ మ్యాపింగ్ చేయిద్దాం, వ్యసనం ఎంత ముదిరిందో, సెల్ఫ్ కంట్రోల్ ఎంత మిగిలిందో బొమ్మలో తెలిసిపోతుంది" అని 28 వేలు అడిగారు. నాన్నగారేమో "రోగమా పాడా, వాడికి బుద్ధి లేదు, మనసు పెడితే రేపే మానేస్తాడు" అంటున్నారు. స్కాన్‌లో ఎర్రగా ఏదో ఒకటి కనపడితే ఆయన మెత్తబడతారని మీ ఆశ.

ఆ స్కాన్ వద్దు. ఎందుకు వద్దంటున్నానో, ఆ డబ్బూ శ్రద్ధా ఎక్కడ పెడితే పనికొస్తాయో చెప్తాను. కొంచెం పొడుగే అవుతుంది.

నేను డాక్టర్ని కాను. పద్నాలుగేళ్లుగా మెదడు స్కాన్ల డేటాతో పని చేస్తున్నాను. మనిషిని యంత్రంలో పడుకోబెట్టడం దగ్గర్నుంచి ఆ బొమ్మలకు రంగులు వెయ్యడం దాకా అన్నీ ఈ చేతులతో చేసినవే. అందుకే రంగుల దగ్గర మొదలుపెడతాను.

మెదడు పనిచేస్తుండగా ఈ రంగు బొమ్మలు తీసే పద్ధతి ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ. దానికి వేరే యంత్రమేమీ ఉండదు, మామూలు ఎమ్‌ఆర్‌ఐ యంత్రంలోనే తీస్తారు. మెదడులో ఒకచోట పని పెరిగితే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కీ, వదిలేసినదానికీ అయస్కాంత గుణం ఒకటి కాదు. ఈ తేడాతో బొమ్మ తీయొచ్చని 1990లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సైజీ ఒగావా ఎలుకల మీద చూపించాడు. 1992 నాటికి మనుషుల మీద మొదలైంది. కాబట్టి తెర మీద కనపడేది రక్తంలో వచ్చిన మార్పు. ఆలోచననీ కోరికనీ దాన్నిబట్టి ఊహిస్తాం, అంతే. అది కూడా ఐదారు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మార్పు ఎంతంటారా, చాలా ప్రయోగాల్లో ఒక శాతం అటూ ఇటూ. ఒక్కసారి చూస్తే యంత్రం రొదలో కలిసిపోతుంది. అందుకే ఒకే రకం ఫొటోలు పదుల సార్లు చూపించి సగటు కడతాం.

ఇక లోపలికి వెళ్లే మనిషి సంగతి. ఆ అయస్కాంతం దగ్గరికి లోహం రాకూడదు. ఉంగరం, బెల్టు ఎవరైనా తీసేస్తారు. మనవాళ్ల దగ్గర చిక్కల్లా మొలతాడుకున్న వెండి బిళ్ల, దండకు కట్టిన తాయెత్తు. ఒకాయన తాయెత్తు తీయనంటే తీయనన్నాడు. కట్టిన రోజు నుంచీ ఒంటి మీద నుంచి తీయలేదట. పావుగంట బతిమాలాను. చివరికి "మీరు బయటికొచ్చేదాకా నా జేబులోనే ఉంటుంది, నేను ఈ అద్దం ఇవతలే కూర్చుంటాను" అంటే ఒప్పుకున్నాడు. తర్వాత నలభై నిమిషాలు తల కదపకుండా, సుత్తితో రేకు మీద కొట్టినట్టుండే చప్పుడు మధ్య, ఇరుకు గొట్టంలో పడుకున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆయన మెదడులో భయానికి సంబంధించిన చోటు కొంచెం ఎక్కువగా వెలిగితే అది తాగుడు వల్లనా, తాయెత్తు లేనందువల్లనా? ఒక్క మనిషి బొమ్మ చూసి ఆ రెండింటినీ విడదీసే దారి నాకు తెలీదు.

ఆ ఎరుపూ పసుపూ మెదడులో లేవు, మేం వేసినవి. మెదడును దాదాపు మూడేసి మిల్లీమీటర్ల గళ్లుగా కోస్తాం, వేల సంఖ్యలో గళ్లు వస్తాయి. ప్రతి గడికీ ఒక లెక్క కడతాం. ఆ లెక్క ఫలానా గీత దాటితే రంగు వేస్తాం. గీత కిందికి జరిపితే సగం తల మండిపోతున్నట్టు కనపడుతుంది, పైకి జరిపితే ఏమీ ఉండదు. ఇన్ని వేల గళ్లలో కొన్ని ఊరికే గీత దాటుతాయి కూడా. ఇది చూపించడానికే 2009లో క్రెయిగ్ బెనెట్ అనే పరిశోధకుడు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టాడు. దానికి మనుషుల ఫొటోలు చూపించి, "వీళ్లు ఏ భావోద్వేగంలో ఉన్నారో చెప్పు" అని అడిగాడు. తగిన దిద్దుబాటు లెక్కలు చేయకపోతే చేప మెదడులో కూడా ఒక ఎర్ర చుక్క వచ్చింది. 2012లో దీనికి ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వుకోవడానికి ఇచ్చే బహుమతే గానీ, మా రంగంలో ఆ చేపను చూసి సిగ్గుపడి లెక్కలు సరిచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత ఇంకా పెద్ద దెబ్బలే తగిలాయి. 2020లో ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే తొమ్మిది ప్రశ్నలకు జవాబు చెప్పమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకేలా విశ్లేషించలేదు, కొన్ని ప్రశ్నలకు జవాబులే వేరువేరుగా వచ్చాయి. అదే ఏడాది డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఇంకోటి తేల్చారు. ఒకే మనిషికి ఒకే పరీక్ష రెండుసార్లు చేస్తే ఫలితాలు ఎంతవరకు కలుస్తాయి అని పాత ప్రయోగాలన్నీ కూడి చూస్తే, పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, సగటున 0.4 దగ్గర తేలింది. మీ ఇంట్లో బీపీ మెషీన్ అలా ఉంటే బయట పారేస్తారు.

అలాంటప్పుడు పేపర్లో వచ్చే "వ్యసనపరుల మెదడులో ఫలానా చోటు బలహీనం" అన్న వార్తలన్నీ అబద్ధాలా అంటే, కాదు. అవి గుంపుల గురించిన నిజాలు. మగవాళ్లు సగటున ఆడవాళ్లకంటే పొడుగు. ఇది నిజం. ఒక మనిషి ఐదడుగుల ఐదంగుళాలు అని మాత్రమే చెప్తే ఆ మనిషి ఆడో మగో మీరు చెప్పగలరా? మీ తమ్ముడి స్కాన్ కూడా అంతే. యాభై మందిని అటూ యాభై మందిని ఇటూ పెట్టి సగటు తీస్తే కనపడే తేడా ఒక్కడి బొమ్మలో పట్టుకోలేం. పుర్రెకో బుద్ధి అన్నారు గానీ పుర్రెను ఫొటో తీస్తే బుద్ధి కనపడుతుందని అనలేదు. మద్యం వ్యసనాన్ని స్కాన్ చూసి నిర్ధారించే పద్ధతి వైద్యంలో లేదు. డాక్టర్లు మనిషితో మాట్లాడి, ఎంత తాగుతున్నాడు, మానితే చేతులు వణుకుతున్నాయా, పని పోతోందా అని అడిగి తేలుస్తారు. ఒక్క మినహాయింపు ఉంది. తాగి పడి తలకు దెబ్బ తగిలినా, ఫిట్స్ వచ్చినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా డాక్టరే సీటీనో ఎమ్‌ఆర్‌ఐనో రాస్తారు. అది లోపల రక్తం గడ్డకట్టిందా, వాపు ఉందా అని చూడటానికి. అలా రాస్తే వెంటనే తీయించండి. అది వేరు, సెల్ఫ్ కంట్రోల్‌కి మార్కులు వేస్తామనే ఈ వ్యాపారం వేరు.

స్కాన్ గొడవ ఇంతటితో సరి. అసలు విషయం ఇప్పుడు మొదలవుతుంది. ఎందుకంటే ఈ ముప్పై ఏళ్ల పరిశోధనలో మీ తమ్ముడి తలలోకి తొంగిచూడకుండానే మీకు పనికొచ్చేవి కొన్ని తేలాయి. నాన్నగారి మాట ఎక్కడ నిజమో, ఎక్కడ కాదో కూడా అందులోనే ఉంది.

వ్యసనం, మెదడు అనగానే మొదట చెప్పాల్సిన పేరు నోరా వోల్కోవ్. మెక్సికో సిటీలో పుట్టింది. రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీకి మునిమనవరాలు. ఆయన హత్య జరిగిన ఇంట్లోనే పెరిగింది. 2003లో అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయింది, ఇరవై ఏళ్లకు పైగా ఆ పదవిలో ఉంది. అంతకుముందు న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో పెట్ స్కాన్‌తో పనిచేసింది. ఒంట్లోకి కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఎక్కించి, అది మెదడులో డోపమిన్ అనే, కోరికను కదిలించే రసాయనం తాళాల్లో ఎంత కూర్చుంటుందో చూసే పద్ధతి అది. కొకైన్ వాడేవాళ్లలో ఆ తాళాలు తక్కువగా ఉన్నాయని ఆమె బృందం 1990ల మొదట్లో చూపించింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది 2006 నాటి ప్రయోగం. కొకైన్ వ్యసనం ఉన్నవాళ్లకు ఒక రోజు ప్రకృతి దృశ్యాల వీడియో, ఇంకో రోజు కొకైన్ సిద్ధం చేసుకునే వీడియో చూపించారు. మందు ఒంట్లోకి వెళ్లలేదు. వీడియో చూసినందుకే డోపమిన్ పెరిగింది. అది పెరిగిన చోటు మెదడులో అలవాట్లకు సంబంధించినది. ఎంత పెరిగితే అంత తహతహ.

ఇంకొక అడుగు వెనక్కి వెళ్లింది పెన్సిల్వేనియా యూనివర్సిటీలో అన్నా రోజ్ చిల్డ్రెస్. 2008లో 22 మంది కొకైన్ రోగులకు కొకైన్ ఫొటోలను 33 మిల్లీసెకన్లు మాత్రమే చూపించింది. అంటే సెకనులో ముప్పయ్యో వంతు. వెంటనే ఇంకో మామూలు ఫొటో వేసేస్తారు కాబట్టి మొదటి ఫొటో ఏమిటో చూసినవాడికి తెలియదు. అయినా మెదడు లోపలి భావోద్వేగ భాగాలు స్పందించాయి. తాను దేన్ని చూశాడో వాడికి తెలిసేలోపే లోపల కదలిక మొదలైపోయింది.

దీన్ని నేను చిన్న మోతాదులో కళ్లారా చూశాను. ఒకసారి తాగుడు మీద పనికి ఫొటోలు సిద్ధం చేస్తున్నాం. విదేశాల్లో వాడే ఫొటోల కట్ట తెప్పించాం. కాడ గ్లాసులో వైన్, నురుగుతో బీర్ మగ్గు, చెక్క బల్లలున్న బార్. సరిచూడటానికి వచ్చిన పెద్దాయన అన్నిటికీ "ఏమీ అనిపించట్లేదు సార్" అని సున్నా వేసుకుంటూ పోయాడు. మాలో ఒకతను ఫోన్‌తో ఫొటో తీసుకొచ్చాడు. సిమెంటు గట్టు మీద క్వార్టర్ సీసా, నలిగిన ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, విప్పిన పల్లీల పొట్లం. అది తెర మీదికి రాగానే ఆయన గుటక మింగాడు. మార్కు వేయడం మర్చిపోయి, "ఆ వాటర్ ప్యాకెట్ చూస్తే..." అని ఆగిపోయాడు. సీసా కూడా కాదు, వాటర్ ప్యాకెట్. మీ తమ్ముడికి ఆ వాటర్ ప్యాకెట్ ఏమిటన్నది ఏ స్కానరూ చెప్పదు. వాడే చెప్పాలి. వాడికీ పూర్తిగా తెలియకపోవచ్చు, పక్కన కూర్చుని తీరిగ్గా గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. ఫలానా మలుపు, ఫలానా ఫ్రెండు ఫోన్ రింగ్, జీతం పడినట్టు వచ్చే మెసేజ్.

నాన్నగారి మాటకు వద్దాం. "మనసు పెడితే మానేస్తాడు." ఆయన మనసులో ఉన్న బొమ్మ కుస్తీ పోటీ లాంటిది. ఒక పక్క కోరిక, ఇంకో పక్క మనసు, బలమున్నది గెలుస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. కాల్టెక్‌లో టాడ్ హేర్, కామెరర్, రాంజెల్ 2009లో డైటింగ్ చేసేవాళ్ల మీద చేసిన ప్రయోగం ఆ బొమ్మను మార్చింది. 37 మందిని స్కానర్‌లో పెట్టి రకరకాల తిండి ఫొటోలు చూపించి, ఇది తింటారా అని అడిగారు. ఏది రుచి, ఏది ఆరోగ్యం అన్నది ముందే వాళ్లచేతే మార్కులు వేయించారు. నుదుటి వెనక లోపలి వైపున ఒక భాగం ఉంది, "ఇది నాకెంత కావాలి" అని వెల కట్టే చోటు. అదుపు ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ అది పనిచేసింది. తేడా ఎక్కడంటే, అదుపు లేనివాళ్లలో ఆ వెలలోకి రుచి ఒక్కటే చేరింది, ఉన్నవాళ్లలో ఆరోగ్యం కూడా చేరింది. నుదుటి పక్క భాగం ఆ వెల కట్టే చోటుకు ఆరోగ్యాన్ని గుర్తుచేస్తున్నట్టు కనిపించింది. అంటే అదుపు ఉన్నవాడు జిలేబీని చూసి పళ్లు బిగబట్టి ఆగట్లేదు, వాడికి ఆ క్షణంలో జిలేబీ వెలే కొంచెం తగ్గింది.

అదే హేర్ 2011లో ఇంకోటి చేశాడు. మామూలు మనుషులకే ఫొటో చూపించే ముందు "ఆరోగ్యం సంగతి ఆలోచించండి" అని ఒక్క ముక్క గుర్తుచేశాడు. ఎంపికలూ మెరుగయ్యాయి, వెల కట్టే చోటు స్పందనా మారింది. సిగరెట్ల మీద హెడీ కోబర్ 2010లో ఇలాంటిదే చూపించింది. పొగతాగేవాళ్లు సిగరెట్ ఫొటో చూస్తూ "ఇప్పుడు తాగితే ఎంత బాగుంటుందో" అనుకుంటే ఒకలా, "చివరికి దీనివల్ల ఏమవుతుందో" అనుకుంటే ఇంకోలా. రెండోసారి తహతహ తగ్గిందని వాళ్లే చెప్పారు, నుదుటి భాగం పని పెరిగింది, లోపల కోరికకు సంబంధించిన స్ట్రయాటమ్ పని తగ్గింది. వాళ్లందరూ రోజూ సిగరెట్లు తాగేవాళ్లే, చేతకాని మెదళ్లేమీ కావవి. చెయ్యమంటే చేశారు. బజారులో, మామూలు రోజున, చెప్పేవాడు పక్కన ఉండడు కాబట్టి చెయ్యరు.

కాబట్టి నాన్నగారి మాటలో సగం నిజం ఉందంటాను. మనసు పనిచేస్తుంది. ఏ సమయంలో పనిచేస్తుందన్న దగ్గరే తేడా. సీసా ఎదురుగా పెట్టుకుని మనసు పెట్టమనడం చేతులు కాలాక ఆకులు వెతకడమే, అప్పటికి ఆ 33 మిల్లీసెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. ఆయన వింటానంటే ఇది కూడా చెప్పండి. నిగ్రహం వాడేకొద్దీ కండరంలా అలసిపోతుందని అమెరికాలో 1998 నుంచీ ఒక సిద్ధాంతం బాగా నడిచింది. 2016లో 23 ల్యాబులు కలిసి మళ్లీ చేసి చూస్తే దాదాపు ఏమీ తేలలేదు. 2017లో కృష్ణ సవానీ, వెరోనికా జోబ్ మనదేశంలో వాళ్ల మీద చేస్తే తలకిందులుగా వచ్చింది. కష్టమైన పని చేశాక మనవాళ్లు తర్వాతి పనిలో ఇంకా బాగా చేశారు. నిష్ఠ వల్ల బలం వస్తుందన్న మన నమ్మకమే దానికి కారణమని వాళ్ల వాదన. మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టనివాళ్లు మీ వీధిలో ఎంతమంది! అక్కడ కూడా గమనించండి, వాళ్లు ఒంటరిగా కుస్తీ పట్టట్లేదు. బట్టలు మారాయి, పిలుపు మారింది, సాయంత్రం ఎవరితో ఉంటారో మారింది, బార్ ముందు ఆగితే నలుగురూ చూస్తారు. మాల తీసిన సాయంత్రం అవన్నీ ఒకేసారి పోతాయి.

మీరు అడిగినదాంట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ శనివారం. పెళ్లి హడావిడిలో, అప్పుల టెన్షన్‌లో తాగలేదు, అంతా కుదుటపడ్డాక ఎందుకు తాగాడన్నారు. యేల్‌లో రజితా సిన్హా బృందం 2013లో ప్రచురించిన పని దీనికి దగ్గరగా ఉంటుంది. మానేసిన కొద్ది వారాల్లో ఉన్న 45 మంది మద్యం రోగులను స్కాన్ చేశారు. ఎవరి జీవితంలో జరిగిన కష్టం వాళ్లకే కథలాగా వినిపించారు, తాగుడు సందర్భం ఒకటి వినిపించారు, హాయిగా ఉన్న సమయం ఒకటి వినిపించారు. హాయి కథ వింటున్నప్పుడు నుదుటి లోపలి భాగం నెమ్మదించాలి. వీళ్లలో అది అతిగా పనిచేస్తూనే ఉంది. తీరా కష్టం కథ వచ్చినప్పుడు, పనిచేయాల్సిన చోట, చతికిలబడింది. ఆ తీరు ఎక్కువగా ఉన్నవాళ్లే తర్వాత త్వరగా మళ్లీ తాగారు. ఇంజన్ న్యూట్రల్‌లో కూడా రొద పెడుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోయే లారీ లాంటిది. మీ తమ్ముడి మెదడులో ఇదే జరిగిందని నేననను, ఇది కూడా గుంపు లెక్కే. కానీ "ఇప్పుడేం బాధ వచ్చిందని తాగావు" అన్న ప్రశ్న మానేయండి. చేతిలో పనిలేని ప్రశాంతత మానేసిన మొదటి నెలల్లో మనకున్నంత ప్రశాంతంగా వాళ్లకు ఉండకపోవచ్చు.

ఇంకో చిన్న విషయం. కోపంగా, భయంగా ఉన్న ముఖాల ఫొటోలు చూస్తూ ఆ భావానికి పేరు పెడితే భయానికి సంబంధించిన ఎమిగ్డలా స్పందన తగ్గుతుందని యూసీఎల్‌ఏలో మాథ్యూ లీబర్‌మన్ 2007లో చూపించాడు. "ఏమీ లేదు" అనేదానికన్నా "కడుపులో తిప్పుతోంది, తాగాలనిపిస్తోంది" అని పైకి అనడం మంచిది. మీ ఇంట్లో వాడు ఆ మాట అంటే తిట్లు పడతాయా పడవా అన్నది మీకు తెలుసు.

కడుపులో తిప్పడం అన్నాను కాబట్టి ఇన్సులా గురించి చెప్పకుండా ఉండలేను. ఒంట్లోపలి సంగతులు, ఆకలి, గుండె దడ, తిప్పడం, మనకు తెలియజేసే మడత అది. 2007లో నక్వీ, బెషారా వాళ్లు మెదడు దెబ్బతిన్న 69 మంది పొగతాగేవాళ్లను పరిశీలించారు. ఇన్సులా దెబ్బతిన్న 19 మందిలో 12 మందికి సిగరెట్ మానడం ఇట్టే అయిపోయింది, తహతహ కూడా మిగల్లేదు. రోజుకు నలభై తాగే ఒకతను స్ట్రోక్ వచ్చాక మానేసి, తాగాలనే కోరికను ఒళ్లే మర్చిపోయిందన్నట్టు చెప్పాడు. ఈ పని ఊరికే పోలేదు. తల బయట నుంచి అయస్కాంత తరంగాలతో ఇన్సులా, నుదుటి భాగాలను తట్టే చికిత్సను సిగరెట్ మానడానికి 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. సిగరెట్‌కి, మద్యానికి కాదు. ఎవరైనా అదే పేరు చెప్పి లక్షల ప్యాకేజీ పెడితే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మీకు సూటిగా తగిలేది. 2012లో కేంబ్రిడ్జ్‌లో కారెన్ ఎర్షే 50 జంటల తోబుట్టువులను తీసుకుంది. ప్రతి జంటలో ఒకరు కొకైన్ లాంటివాటికి బానిస, ఇంకొకరికి ఏ వ్యసనమూ లేదు. వీళ్లను సంబంధం లేని 50 మంది మామూలు మనుషులతో పోల్చింది. ఆగు అని సంకేతం రాగానే చెయ్యి ఆపే పరీక్షలో వ్యసనం ఉన్నవాళ్లు వెనకబడ్డారు. వ్యసనం లేని అక్కా తమ్ముళ్లు కూడా అంతే వెనకబడ్డారు. మెదడులో, ఆపుకునే శక్తికి సంబంధించిన నరాల దారుల్లో, తేడాలు కూడా ఇద్దరిలోనూ ఉన్నాయి. అంటే మీ తమ్ముడి స్కాన్‌లో ఏదో ఎర్రగా ఉందనే అనుకుందాం, మిమ్మల్ని అదే యంత్రంలో పడుకోబెడితే మీ తలలోనూ అదే ఉండొచ్చు. మరి మీరు తాగట్లేదు కదా. నాన్నగారికి ఆ బొమ్మ చూపిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, అందులో తప్పు లేదు. కొంతమందికి పుట్టుకతోనే బ్రేకు కొంచెం వదులు. ఆ వదులు బ్రేకుతో ఎవరు లోయలో పడతారన్నది దారిని బట్టి, తోడును బట్టి, మొదటి గ్లాసు ఎన్నో ఏట చేతికొచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో వివేక్ బెనెగల్ బృందం కూడా తండ్రికి తాగుడున్నా తాము ఇంకా ముట్టని కుర్రాళ్ల మెదడులో తేడాలు 2007లోనే చూపించింది. ఆ తర్వాత మనదేశంలో సీ-వేదా అనే పెద్ద అధ్యయనం వేలమంది పిల్లలనూ యువకులనూ ఈ దృష్టితోనే గమనించింది. అందులో మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ కూడా ఒక కేంద్రం. ఏ ఒక్కరికీ జాతకం చెప్పడానికి కాదు అది, గుంపుల్లో ఏది ముందు ఏది వెనక తేల్చడానికి.

పాడైనది బాగుపడుతుందా అని కూడా అడిగారు. వోల్కోవ్ బృందమే 2001లో మెథాంఫెటమిన్ అనే మత్తుమందు మానేసిన కొద్దిమందిని ఏడాది పైన గడిచాక మళ్లీ స్కాన్ చేస్తే, డోపమిన్‌ను వెనక్కి లాక్కునే వ్యవస్థ చాలావరకు కోలుకుంది. అయితే జ్ఞాపకశక్తి, చేతివేగం పరీక్షల్లో అంత మెరుగు కనపడలేదు. వారాల్లో అయ్యే పని కాదన్నమాట. నాలుగు నెలలకు తప్పాడంటే నాలుగు నెలలూ వృథా అయినట్టు కాదు.

ఇక చెయ్యాల్సింది. వాడు రోజూ తాగుతుంటే ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల తర్వాత మనిషి పూర్తిగా తికమకపడి ప్రాణం మీదికి రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు ఒక్కసారిగా ఆగిపోతే ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి జనం ఎలా వచ్చారో అప్పటి పేపర్లు చూసినవాళ్లకు గుర్తుంటుంది. సైకియాట్రిస్టు ఉన్న ఆసుపత్రిలో చేర్పించండి, ప్రభుత్వ ఆసుపత్రైనా పర్లేదు. మానేటప్పుడు వచ్చే ఇబ్బందులకు మందులు, బీ1 విటమిన్ వాళ్లే చూసుకుంటారు. తర్వాత తహతహ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, వీటి గురించి అడగండి. ఇంకో మందు ఉంది, డైసల్ఫిరామ్. అది వేసుకుని తాగితే ఒళ్లంతా తలకిందులవుతుంది. దాన్ని వాడికి తెలియకుండా సాంబారులో కలపమని ఎవరైనా చెప్తే, చెప్పింది చుట్టమైనా సరే, వినకండి. మనుషులు చనిపోతారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

స్కాన్ గురువారం అన్నారు కదా, రేపే ఫోన్ చేసి వద్దని చెప్పండి. అడ్వాన్సు కట్టి ఉంటే రసీదు అడగండి. ఆ రాత్రి వాడు తాగకుండా ఉన్న గంటలో ఒక కాగితం తీసుకుని, గొడవ పెట్టకుండా, ఆ శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఏం జరిగిందో వాడి చేతే చెప్పించి రాయండి. ఏ దారిన వెళ్లాడు, ఎవరు పిలిచారు, జేబులో ఎంత ఉంది, వాటర్ ప్యాకెట్ ఎక్కడ కొన్నాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సింది ఆ కాగితమే. వచ్చే శనివారం ఆరింటికి వాడితో ఎవరుంటారో కూడా అందులోనే రాసి పెట్టండి, వీలైతే నాన్నగారి పేరు.